‘ఆ ఏరియా సేఫేనా?’ అని అడిగేవాళ్ళకు

హన్మకొండలో ఇల్లు కిరాయికి చూసేవాళ్ళు బ్రోకరును అడిగే మాట ఒకటే: "ఏరియా ఎట్లుంటది, దొంగల భయం ఏమన్నా ఉందా?" బ్రోకరు చెప్పేదీ ఒకటే: "ఫుల్ సేఫ్ సార్." గోపాల్‌పూర్ అయినా అదే, కరీమాబాద్ అయినా అదే.

పోనీ అంకెలు చూద్దామంటే, దేశంలో నేరాల లెక్కలు చూసే కేంద్ర సంస్థ ఎన్‌సీఆర్‌బీ ఏటా వేసే పుస్తకంలో మెట్రో నగరాల పట్టికకు 20 లక్షల జనాభా దాటాలి. తెలంగాణ నుంచి అందులో ఉండేది హైదరాబాదే. వరంగల్ పోలీస్ కమిషనరేట్ లెక్కలు పేపర్లో వస్తాయి గానీ, 2015లో ఏర్పడ్డ ఈ కమిషనరేట్ కింద వరంగల్, హన్మకొండతో పాటు జనగామ జిల్లా కూడా ఉంది. "చోరీలు పెరిగాయి" అన్న వార్తలో మీ గల్లీ ఎంత, జనగామ జిల్లా పాలకుర్తి ఎంత అన్నది తేలదు. పైగా నేర రేటంటే లక్ష జనాభాకు ఎన్ని కేసులని. ఆ జనాభాలోకి అక్కడ కాపురం ఉండేవాళ్ళే వస్తారు. మిర్చి సీజన్లో ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే రైతులు, బస్టాండులో ఎక్కి దిగేవాళ్ళు అందులో ఉండరు, వాళ్ళ జేబులు కొట్టిన కేసులు మాత్రం ఆ స్టేషన్ ఖాతాలోనే పడతాయి. అందుకే బస్టాండో మార్కెట్టో ఉన్న స్టేషన్ ఎప్పుడూ కాగితం మీద భయపెడుతుంది.

ఇంతకంటే పనికొచ్చేవి ఎఫ్‌ఐఆర్‌లు. 2016లో సుప్రీంకోర్టు చెప్పినప్పటి నుంచి, లైంగిక నేరాల వంటి సున్నితమైనవి మినహా మిగతావి పోలీసు వెబ్‌సైట్లో పెడుతున్నారు. మీరు చూస్తున్న ఇల్లు ఏ స్టేషన్ పరిధిలోకి వస్తుందో కనుక్కుని, ఆరు నెలలవి తిరగేయండి. అన్నీ చదవక్కర్లేదు, సెక్షన్లు చూస్తే చాలు. ఇప్పటి నేర చట్టం బీఎన్‌ఎస్‌లో 305 అంటే ఇంట్లో దొంగతనం, 331(3) పగలు ఇల్లు పగలగొట్టింది, 331(4) రాత్రి పగలగొట్టింది, 304 గొలుసు లాక్కుపోయింది, 303(2) ఎక్కువగా బండ్ల చోరీ. 2024 జులై 1కి ముందువైతే పాత చట్టం ఐపీసీ 380, 454, 457, 379 అని ఉంటాయి. తర్వాత ఐదో కాలమ్ చూడండి, స్టేషన్ నుంచి ఏ దిక్కున, ఎంత దూరమో రాసి ఉంటుంది. అన్నిటికంటే విషయం ఉన్నది మూడో కాలమ్‌లో. నేరం జరిగిన సమయం ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు అన్నచోట రెండు, మూడు రోజుల తేడా కనిపిస్తే అది తాళం వేసిన ఇల్లు. ఇంటివాళ్ళు ఊరికి పోయి వచ్చేదాకా ఎప్పుడు జరిగిందో ఎవరికీ తెలియదన్నమాట.

కాలనీల్లో అసలు భయం అదే, కాబట్టి అడ్వాన్సు ఇచ్చే ముందు దొంగ చూసినట్టు ఇల్లు చూడండి. పక్కన ఖాళీ ప్లాటులో సర్కారు తుమ్మ పెరిగిందా? ప్రహరీకి ఆనించి ఇసుక కుప్ప ఉందా? పక్కన సగం కట్టి ఆపిన బిల్డింగు ఉంటే అది మీ డాబా మీదికి నిచ్చెనే. డాబా తలుపు రేకుదా, లోపల గడియ ఉందా చూడండి. గల్లీకి పొద్దున ఐదున్నరకు, మధ్యాహ్నం రెండున్నరకు, రాత్రి పది దాటాక మూడుసార్లు పోయిరండి. మధ్యాహ్నం రెండున్నరను అందరూ వదిలేస్తారు, పగటి చోరీలకు అనువైన వేళ అదే.

ఇక దర్వాజ. బయట ఆల్‌డ్రాప్, అంటే తాళం వేసే అడ్డ గడియ, దానికి బరువైన తాళం. కిరాయి ఇళ్ళలో మామూలుగా కనిపించేది ఇదే. తాళానికి వెయ్యి రూపాయలు పెట్టినవాళ్ళు కూడా ఆల్‌డ్రాప్‌ను పట్టుకున్న ముప్పావు ఇంచు స్క్రూలను చూడరు. దొంగ తాళాన్ని ముట్టుకోడు. ఆల్‌డ్రాప్ వెనక రాడ్డు దూర్చి ఒక్క గుంజు గుంజితే స్క్రూలు చెక్క పొట్టుతో సహా ఊడొస్తాయి. తెల్లారి చూస్తే తాళం వేసింది వేసినట్టే ఉంటుంది, ఆల్‌డ్రాప్‌తో కలిసి వేలాడుతూ. దీనికి మందు చిన్నదే: స్క్రూలు తీసేసి, తలుపు ఆరపార రంధ్రం వేయించి, బయట గుండు తల, లోపల వాషరు, నట్టు వచ్చేలా బోల్టులు బిగించాలి. చౌకట్ వైపు ఆరపార కుదరదు, అక్కడ రెండించుల స్క్రూలు వేయించండి. ఓనరు ఒప్పుకుంటే తలుపులోనే ఇమిడిపోయే లాకు ఇంకా మేలు. బయట వేలాడే తాళం ఇంట్లో ఎవరూ లేరని బోర్డు పెట్టినట్టే.

సీసీ కెమెరా పెట్టించేవాళ్ళు నిల్వ సంగతి అడగరు. 2 మెగాపిక్సెల్ కెమెరా సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున రికార్డు చేస్తే రోజుకు సుమారు 22 జీబీ. నాలుగు కెమెరాలు, 1 టీబీ హార్డ్‌డిస్క్ అంటే పదకొండు రోజులు, ఆ తర్వాత పాతది చెరిగిపోతుంది. కెమెరాను పన్నెండు అడుగుల ఎత్తున పెడితే కనిపించేది నడినెత్తే. గేటు దగ్గర ఒకటి మనిషి ముఖం పడే ఎత్తులో ఉండాలి. రికార్డు చేసే పెట్టె డీవీఆర్‌ను టీవీ కింద పెట్టకండి, దొంగలు పోయేటప్పుడు దాన్నీ పట్టుకుపోతారు.

మేడారం జాతర, సద్దుల బతుకమ్మ, సంక్రాంతి. గల్లీలకు గల్లీలే ఖాళీ అయ్యే రోజులివి. రెండు రోజులు ముగ్గు పడని వాకిలి, పగలంతా వెలుగుతున్న బల్బు రోడ్డు మీద నుంచే సంగతి చెప్పేస్తాయి. పక్కింటి అక్కతో నీళ్ళు చల్లి ముగ్గు వేయించండి, పాలు, పేపరు ఆపండి. స్టేషన్‌లో అడ్రసు, తేదీలు, తాళంచెవి ఎవరి దగ్గరుందో చెప్పి పోతే బండ్ల మీద గస్తీ తిరిగే బ్లూ కోల్ట్స్ పోలీసులు రాత్రి అటు ఒక చూపు వేస్తారు. బీరువా తాళంచెవి బీరువా మీదే పెట్టే అలవాటు మాత్రం మానుకోవాలి. బియ్యం డబ్బా, దేవుడి అర కూడా దొంగలకు తెలియనివేం కావు.

అన్నీ చేసినా దొంగతనం జరిగితే, లోపలికి పోకుండా 100కో 112కో ఫోన్ చేయండి. సర్దడం, తుడవడం వద్దు, వేలిముద్రలు పోతాయి. బీరువా హ్యాండిల్ పట్టుకుని "ఏం పోయిందో" అని చూడాలనిపిస్తుంది, సరిగ్గా అదే చేయకూడదు. పక్కింటివాళ్ళ ఫుటేజీ ఆ రోజే అడగండి. డీవీఆర్ గడియారాన్ని మీ ఫోన్ టైముతో పోల్చి, తేడా ఎన్ని నిమిషాలో కాగితం మీద రాసిపెట్టండి. చాలా డీవీఆర్‌ల టైము తప్పుగానే ఉంటుంది, కోర్టులో ఆ తేడా మీదే ప్రశ్నలు వస్తాయి.

దరఖాస్తులో "సుమారు ఐదు తులాలు" అని రాస్తే తర్వాత సొత్తు దొరికినా మీదేనని గుర్తుపట్టడం కష్టం. ఒక్కో వస్తువు బరువు, బిల్లు, ఫొటో, హాల్‌మార్క్ నగైతే దాని మీద అక్షరాలు, అంకెలు కలిపి ఆరు ఉండే గుర్తింపు నంబరు, హెచ్‌యూఐడీ, రాయండి. 2023 ఏప్రిల్ తర్వాత కొన్న హాల్‌మార్క్ నగల మీద ఆ నంబరు ఉంటుంది. ఇప్పుడే భూతద్దంతో చూసి ఫోన్లో రాసిపెట్టుకోవచ్చు. స్టేషన్‌లో "మా లిమిట్స్ కాదు" అంటే, పరిధితో పని లేకుండా రాసే జీరో ఎఫ్‌ఐఆర్ అడగండి, పోలీసులు, కోర్టులు నడుచుకునే పద్ధతి చెప్పే చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 173 ప్రకారం ఎక్కడైనా తీసుకోవాల్సిందే. కాపీ ఉచితం. దరఖాస్తు తీసుకున్నట్టు ఇచ్చే రసీదు ఎఫ్‌ఐఆర్ కాదు. నంబరు, పక్కన సంవత్సరం, సెక్షన్ ఉంటేనే ఎఫ్‌ఐఆర్. అది లేకుండా బండి ఇన్సూరెన్సు వాళ్ళు కూడా ఫైలు ముట్టుకోరు.