పదహారేళ్ల అన్న

చైనాలో జెంగ్‌జౌ ఎయిర్‌పోర్టు నుంచి దెంగ్‌ఫెంగ్ అనే ఊరి దాకా ట్యాక్సీ నడిపిన పెద్దాయన్ని నేను ‘షీఫు’ అని పిలిచాను. మర్నాటి నుంచి నాకు తన్నడం, తన్నించుకోవడం నేర్పిన మనిషిని కూడా ‘షీఫు’ అనే పిలిచాను. పలకడంలో తేడా లేదు, రాయడంలో ఉంది. డ్రైవరుకీ వడ్రంగికీ వాడే షీఫు ఒకటి. గురువుకి వాడే షీఫులో రెండో అక్షరానికి అర్థం తండ్రి. ఈ సంగతి నాకు మూడు వారాలకి గానీ తెలియలేదు. అప్పటికి జరగాల్సింది జరిగిపోయింది.

2018 మార్చి. హైదరాబాద్‌లో ఏడేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, మానేసి, ఐదు నెలలు కుంగ్‌ఫూ నేర్చుకుందామని హెనాన్ ప్రావిన్స్‌కి వెళ్లాను. అప్పటికి నాకు ముప్పై ఏళ్లు. వీసా సంగతి పెద్ద కథేం కాదు. చదువు 180 రోజుల లోపైతే ఎక్స్2, దాటితే ఎక్స్1. స్కూలు పంపిన అడ్మిషన్ లెటర్‌తో ఎక్స్2 వచ్చేసింది. దిగిన 24 గంటల్లో పోలీసుల దగ్గర చేయించాల్సిన రిజిస్ట్రేషన్ కూడా స్కూలువాళ్లే చూసుకున్నారు.

సోంగ్‌షాన్ కొండల దగ్గర షావొలిన్ గుడి, ఆ చుట్టుపక్కలంతా కుంగ్‌ఫూ స్కూళ్లు. వాటిలో అన్నిటికన్నా పెద్దదైన తాగౌలో 30 వేల మందికి పైగా పిల్లలున్నారు. నేను చేరింది అది కాదు. దాని ముందు మాది అంగన్‌వాడీ. మూడొందల మంది చైనా పిల్లలు, మా విదేశీ బ్యాచ్‌లో పదిహేను మందిమి.

మొదటి రోజు పొద్దున ఐదున్నరకి విజిల్. బయట చలి. ‘జీహే!’ అని ఎవరో అరిచారు. గుమిగూడండి అని అర్థమట. అందరూ పరిగెత్తి వరసలో నిలబడ్డారు. ఎత్తుని బట్టి నిలబడాలేమో అనుకుని మధ్యలో దూరబోతే, ఒక కుర్రాడు నా భుజం పట్టి తీసుకెళ్లి చివర నిలబెట్టాడు. చేరిన క్రమంలో నిలబడాలి. తర్వాత లెక్క మొదలైంది. యీ, అర్, సాన్... నా వంతు పదిహేను. ‘షీవూ’ అనాలి. తడబడి ‘వూషీ’ అన్నాను. అంటే యాభై. అందరూ గొల్లున నవ్వారు. ఆ కుర్రాడు మాత్రం నవ్వలేదు. నేలకేసి వేలు చూపించాడు. యాభై అన్నావుగా, యాభై దండీలు తియ్యి.

వాడికి పదహారేళ్లు. తొమ్మిదేళ్లప్పుడే ఆ స్కూల్లో వేశారట. మా బ్యాచ్‌కి బాన్‌జాంగ్, అంటే క్లాస్ లీడర్ లాంటివాడు. ఆ సాయంత్రం ట్రాన్స్‌లేటరమ్మాయితో ‘ఆ తమ్ముడు కొంచెం ఎక్కువ చేస్తున్నాడు’ అన్నాను. ఆమె కంగారుపడిపోయింది. ‘తమ్ముడు కాదు, మీకు షీశ్యోంగ్ అవుతాడు’ అంది. గురువు దగ్గర మనకన్నా ముందు చేరినవాడు షీశ్యోంగ్, అన్న. మన తర్వాత చేరినవాడు షీదీ, తమ్ముడు. పుట్టిన తేదీతో పనిలేదు.

మనం ఆటో అబ్బాయినీ అన్నా అంటాం, ఎమ్మెల్యేనీ అన్నా అంటాం. అలా అనడం వల్ల మనకి పోయేదేమీ లేదు. అక్కడ అలా కాదు. అన్న అంటే వరసలో ముందుండేవాడు, అన్నం గిన్నె ముందు పట్టేవాడు, షీఫు లేనప్పుడు నీ వీపు మీద కర్ర పెట్టి నిటారుగా ఉందో లేదో చూసేవాడు.

ఇక పై మెట్లు. అన్నిటికన్నా పైన ప్రిన్సిపాల్. ఐదు నెలల్లో ఆయన్ని చూసింది మూడుసార్లు. ఆయన కింద హెడ్ కోచ్, ఆయన కింద కోచ్‌లు. వీళ్లలో చాలామంది అక్కడే చదివి అక్కడే ఉండిపోయిన ఇరవై, ఇరవై ఐదేళ్లవాళ్లు. చైనా పిల్లల కోచ్‌లైతే పిల్లల గదుల్లోనే పడుకుంటారు. ముక్కు తుడవడం దగ్గర్నుంచి దెబ్బలు వేయడం దాకా వాళ్లే. గుడి పరంపరలోకి శిష్యులుగా తీసుకున్నవాళ్లకి పేర్లు కూడా మారతాయి. ఇంటిపేరు ‘షీ’, అది మన శాక్యముని లోని శాక్య. దాని తర్వాతి అక్షరం తరాన్ని చెబుతుంది. 70 అక్షరాల పద్యం ఒకటుంది, తరానికో అక్షరం. ‘యాన్’ అంటే 34వ తరం, ‘హెంగ్’ అంటే 35వది. పేరు వినగానే ఎవరు ఎవరికి తల వంచాలో తేలిపోతుంది. మాలాంటి ఫీజు కట్టినవాళ్లు ఆ లెక్కలోకి రారు. మేం ఉత్త స్టూడెంట్లం, శిష్యులం కాదు.

కాగితం మీద లేని మెట్టు ఒకటుంది. వంటింటి ఆయీ. ఆయీ అంటే పిన్ని. ఆమె పెద్ద మనసు చేసుకుంటే టమాటా గుడ్డు కూర రెండో గరిటె, లేకపోతే ఉత్త మాంతౌ. మాంతౌ అంటే ఆవిరి మీద ఉడికించిన తెల్లటి బన్ను. ఉప్పూ కారం ఉండవు. హెడ్ కోచ్ కూడా ఆమె ముందు గిన్నె రెండు చేతులతో పట్టుకునేవాడు.

మూడో వారంలో మా కోచ్ మాయమయ్యాడు. చెప్పాపెట్టకుండా ఇంకో కోచ్‌ని పెట్టారు. ఇరవై ఏళ్లు కూడా నిండని పిల్లాడు. నాకు మండింది. పాత కోచ్‌ని చూసి కదా డబ్బు కట్టాను! మన అలవాటు ప్రకారం నేరుగా ప్రిన్సిపాల్ గది తలుపు తట్టాను. ఆయన టీ పోసి, నవ్వుతూ విని, ‘మంచిది, మంచిది’ అన్నాడు. పనైపోయిందనుకున్నాను.

మర్నాడు హెడ్ కోచ్ స్వయంగా వచ్చాడు. ఏమీ అనలేదు. బ్యాచ్ మొత్తాన్నీ మాబూలో, అంటే గుర్రం మీద కూర్చున్నట్టు మోకాళ్లు వంచి, నిలబెట్టి వెళ్లిపోయాడు. రేపూ ఇదే, ఎల్లుండీ ఇదే. నా వల్లేనని అందరికీ తెలుసు. పోలండ్ నుంచి వచ్చినావిడ భోజనం దగ్గర నా బల్ల మీద నుంచి లేచి వెళ్లిపోయింది. టెన్షన్‌తో ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

దారి చూపించింది ఆ పదహారేళ్లవాడే. ఫోన్‌లో తర్జుమా చేసుకుంటూ మెట్ల మీద కూర్చుని చెప్పాడు. నాకు చెప్పాలి. నేను కోచ్‌కి చెబుతాను. కోచ్ హెడ్ కోచ్‌కి చెబుతాడు. నువ్వు ముగ్గురి తలల మీద నుంచి నడిచి వెళ్లావు. హెడ్ కోచ్ పరువు పోయింది. ఇప్పుడు వెళ్లి తప్పైందని చెప్పు. ఎక్కువ మాట్లాడకు, కారణాలు చెప్పకు.

వెళ్లాను. కుడి పిడికిలిని ఎడమ అరచేత్తో మూసి, తల వంచి, నేర్చుకున్న రెండు ముక్కలూ చెప్పాను. ఆయన నా కాళ్లకేసి చూసి, ‘మాబూలో నీ మోకాళ్లు లోపలికి పోతున్నాయి’ అన్నాడు. అంతే. నా ఫిర్యాదు సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు. పాత కోచ్ రానూ లేదు, ఎందుకు వెళ్లాడో ఎవరూ చెప్పనూ లేదు. అది తప్పేనని ఇప్పటికీ అంటాను.

కొత్త పిల్లాడు మాత్రం మంచి కోచ్. మాబూలో నా తొడల మీద కర్ర అడ్డంగా పెట్టేవాడు. అది దొర్లి పడితే టైమ్ మళ్లీ మొదట్నుంచి. మొదట్లో నిమిషం తిరక్కుండానే పడేది. జూన్‌కి ఐదు నిమిషాలు ఆగింది.

సెలవు రోజున నన్ను దామో గుహకి ఎక్కించింది కూడా అన్నే. దామో అంటే బోధిధర్ముడు. తొమ్మిదేళ్లు గోడకేసి చూస్తూ కూర్చున్నాడని చెబుతారు. ‘మీ ఊరివాడేగా?’ అన్నాడు. దక్షిణ భారతం నుంచి వచ్చాడంటారు, మా ఊరి నుంచైతే కాదు అన్నాను. గుడికి కుంగ్‌ఫూ నేర్పింది ఆయనేనన్న కథ 17వ శతాబ్దంలోనో ఆ తర్వాతో పుట్టిందేనని చరిత్రకారులంటారని, 495లో గుడి కట్టించింది బాతువో అనే ఇంకో భారతీయుడి కోసమని చదివాను. ఆ మాట వాడితో అనలేదు. అన్న చెబుతున్నప్పుడు తమ్ముడు వినాలి.

జులైలో, నేను బయల్దేరడానికి వారం ముందు, ఒక బ్రెజిల్ ఆయన వచ్చాడు. నలభై దాటి ఉంటాయి. వరసలో నా పక్కన, చివర నిలబడ్డాడు. రాత్రి నా గది తలుపు కొట్టి, స్నానానికి వేడినీళ్లు రావడం లేదు, ఆఫీసులో ఎవరికి చెప్పాలి అని అడిగాడు.

‘ఆఫీసుకి వెళ్లకండి. ముందు అన్నకి చెప్పండి’ అన్నాను.

కారిడార్ చివర బకెట్‌లో బట్టలు పిండుకుంటున్న కుర్రాణ్ణి చూపించాను. ఆయన వాణ్ణి చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ వాణ్ణి చూశాడు.