పాత పికప్‌కు కమాన్లు సరిచేయించడం

గుంటూరు మిర్చి యార్డుకు బస్తాలు మోసిన పాత మహీంద్రా జీపు పికప్‌లలో చాలావాటికి వెనుక కమాను కట్టల్లో (బరువును మోసే, ఒకదానిపై ఒకటి పేర్చిన ఉక్కు పట్టీల స్ప్రింగుల్లో) అదనపు పట్టీలు వేయించి ఉంటాయి. బరువు మోసినంత కాలం అవి అవసరమే. అదే బండిని ఖాళీగా, ఇష్టం కొద్దీ నడుపుకోవాలనుకునేవారికి మాత్రం ఆ పట్టీలే మొదటి అడ్డంకి. నా బండి కనకదుర్గ వారధి మీద జాయింటు దాటినప్పుడల్లా వెనుక భాగం ఎగిరి పక్కకు జరిగేది. వెంటనే స్టీరింగు సరిచేసుకోవలసి వచ్చేది.

ఇలాంటి బండికి చాలామంది ముందుగా కొత్త షాకబ్జర్లు కొంటారు. అది తలకిందుల పద్ధతి అని నా గట్టి అభిప్రాయం. షాకబ్జరు పని కమాను ఊపును అదుపు చేయడమే కాబట్టి, కమాను సంగతి తేలాకే దాన్ని ఎంచుకోవాలి. పొడవు, వెడల్పు మారకుండా పట్టీ మందం రెట్టింపైతే దాని బిరుసుదనం ఎనిమిది రెట్లవుతుంది. కనుక అడుగునున్న మందపాటి పట్టీ ఒక్కటి తీయించినా బండి స్వభావం మారుతుంది.

ఆటోనగర్‌లో కట్ట విప్పించినప్పుడు కింది పట్టీ కొన పై పట్టీలో వేలికి తగిలేంత గాడి చేసి ఉంది, మధ్యలో తుప్పు పొరలు కట్టి ఉంది. పట్టీలు ఒకదానిపై ఒకటి జారితేనే కమాను వంగుతుంది. అవి బిగుసుకుపోతే చిన్న గతుకు కూడా నేరుగా ఛాసిస్‌కు తగులుతుంది. అడుగునున్న అదనపు పట్టీ తీయించి, గాడి పడిన పట్టీ మార్పించి, మిగిలినవి రుద్దించి, గ్రాఫైటు గ్రీజు పూయించాను. కమాను చివర బోల్టుల చుట్టూ ఉండే, అరిగి కోలగా మారిన రబ్బరు బుష్‌లు కూడా మార్పించాను. కొత్త బుష్‌ల బోల్టులను బండి బరువు చక్రాల మీద నిలిచిన తర్వాతే చివరిసారి బిగించాలి. జాకీ మీద ఉండగా బిగిస్తే రబ్బరు మెలితిరిగి త్వరగా చిరిగిపోతుంది.

ముందు కమాను చివరను ఛాసిస్‌కు కలిపే షాకిల్ అనే ఊగే లింకు పొడవు మారిస్తే యాక్సిల్ వాలు, దానితోపాటు క్యాస్టర్ కోణమూ (పక్క నుంచి చూస్తే చక్రం తిరిగే ఇరుసు వెనక్కు వాలే కోణం) మారతాయి. మలుపు తర్వాత చక్రాలు తమంతట తాము తిన్నగా రావడానికి ఆ కోణమే ఆధారం. కమానుకు, యాక్సిల్‌కు మధ్య ఏటవాలు ప్లేటు పెట్టించి దాన్ని సరిచేయించాకే అలైన్‌మెంటుకు వెళ్లాను.

ఇప్పుడు ఉండవల్లి కరకట్ట మలుపుల్లో వెనుక చక్రాలు రోడ్డును వదలడం లేదు. బండి పక్కకు వాలడం మాత్రం కొద్దిగా పెరిగింది. దానికి ముందువైపు యాంటీ రోల్ బార్ (రెండు పక్కల చక్రాలను కలిపి వాలును తగ్గించే కడ్డీ) పెట్టించాలనుకుంటున్నాను. పట్టీ తీసిన బండికి ఇక పాత లోడు ఎక్కించకూడదు.