రంగు కింద మెట్టు

పాలకొల్లు దగ్గర మా అమ్మమ్మగారింట్లో వంటింటి గోడ అల్మరాకి ఆరు టేకు తలుపులు. ఒకదాని కింది అడ్డచట్టాన్ని చెదలు తినేశాయి. మిగతా అయిదూ రాయిలా ఉన్నాయి, పీకేయడానికి మనసొప్పలేదు. ఒక్కటే కొత్తది చేద్దాం, పలక చుట్టూ ఉండే అంచు వంపు మాత్రం కలవాలి అన్నాను. మామయ్య నవ్వాడు.

వంపు మామూలు గుండ్రంలాగే కనిపించింది. అట్టముక్క ఆనించి గీసుకుని, చెక్క అంచుని గుండ్రంగా తీసే పావంగుళం రౌండోవర్ బిట్ తెప్పించాను. తీరా చూస్తే దాని కాడ 6.35 మిల్లీమీటర్లు, నా ట్రిమ్మర్ (అంచులు తీసే చేతి మెషీను)లో బిట్ కాడని పట్టుకునే కోలెట్ 6. దూరదు. దూరకపోవడమే నయం, 6 కాడని 6.35 కోలెట్లో బిగిస్తే తిరుగుతూ జారిపోతుంది. కోలెట్ వేరే కొని వేస్టు చెక్క మీద నడిపి తలుపు పక్కన పెట్టాను. కలవలేదు.

నేను గీసింది టేకు వంపుని కాదు, దాని మీది ఎనామిల్ రంగు వంపుని! ఏళ్ల తరబడి పెళ్లికోసారి, పండక్కోసారి పూసిన పొరలు. ఒక మూల గీకితే గుండ్రానికి పైన సన్నటి మెట్టు, కింద ఇంకో మెట్టు బయటపడ్డాయి. పాడైన తలుపు నిలువు చట్టాన్ని అడ్డంగా కోసి, కోత ముఖాన్ని గ్రాఫు కాగితం మీద పెట్టి గీస్తే అసలు గుండ్రం 3/16 అంగుళమే.

ఆ సైజు బిట్‌తో పాటు, బిట్ కొనన ఉండి చెక్క అంచు వెంట దొర్లే బేరింగ్ చిన్నది కూడా కొన్నాను. బేరింగ్ చిన్నదైతే బిట్ లోపలికి జరిగి కింది మెట్టు పడుతుంది; బిట్‌ని కాస్త లోతుకి దింపితే పై మెట్టు.

"ఆయ్, ఇది చిత్రికతో తీసిందండి బాబూ, ఏ రెండు తలుపులూ ఒకటి కావు," అన్నాడు వడ్రంగి మేస్త్రి. కొలిచి చూస్తే నిజమే, అర మిల్లీమీటరు తేడా. పక్క తలుపునే నమూనాగా తీసుకున్నాం. పలక కూర్చునే గాడి ముందే తీస్తే బేరింగ్ అందులోకి దిగబడుతుందని వంపు ముందు తీసి, గాడి తర్వాత తీశాం. మూలల్లో వంపుని 45 డిగ్రీలకి ఉలితో కలిపింది మేస్త్రే. ఆ పని నా చేతికి రాలేదు.

ఈ కాలవగట్టు తేమకి పలక ఉబ్బుతుందని గాడిలో కాస్త ఖాళీ వదిలాం. ఒక మూల వెంట్రుకవాసి సందు మిగిలింది. రెండు కోటింగులు పడితే కప్పడిపోతుందంటాడు మామయ్య.