ఎడమ పక్కకి తెలీదు

మధ్యాహ్నం అన్నంలో రాయి పడింది. చప్పుడు వినబట్టి తెలిసింది గానీ, లేకపోతే నమిలి మింగేసేదాన్నే. నా కుడి పళ్ళు సన్న ఇసుకనైనా పట్టేస్తాయి. ఎడమ పక్క కింద దవడలో కణితి వస్తే అక్కడి ఎముక తీసేసి, నా కాలి ఎముకతో కొత్తది కట్టారు. దానిమీద పళ్ళు ఇంప్లాంట్లు, అంటే ఎముకలోకి స్క్రూ దింపి పెట్టిన పళ్ళు. వాటికి ఆ గొడవ లేదు. సొంత పన్నుకీ ఎముకకీ మధ్య పలచటి పొర ఒకటుంటుంది. ఎంత గట్టిగా కొరుకుతున్నామో కనిపెట్టేది అదే. టైటానియం స్క్రూని ఎముకే నేరుగా పట్టేసుకుంటుంది, మధ్యలో పొర ఉండదు. ఏదో మొద్దుగా అదిరినట్టుంటుంది, అంతే.

సాయంత్రం ఆమదాలవలస నుంచి పిన్ని వచ్చింది, సంచీడు కాల్చిన తేగలతో. వచ్చినప్పుడల్లా అడిగేదే మళ్ళీ అడిగింది: "కాలెముక తీసీసినారు కదే, మరెలగ నడస్తన్నావు?"

మోకాలి కింద ఎముకలు రెండు. బరువు మోసేది పెద్దది. పక్కనున్న సన్నదాన్లో మోకాలి దగ్గరా చీలమండ దగ్గరా కొంచెం వదిలి, మధ్య ముక్కని రక్తనాళాలతో సహా తీశారు. దవడ వంపుకి సరిపోయేలా కోసి, ప్లేటుతో బిగించి, ఆ నాళాలని మెడలోని నాళాలకి మైక్రోస్కోపు కింద కుట్టారు. అందుకే అది బతికున్న ఎముక. 1989లో హిడాల్గో అనే అమెరికా సర్జన్ దవడకి ఈ పద్ధతి వాడిన సంగతి ప్రచురించాడు. పిన్నికి హిడాల్గోతో పనిలేదు. "మరి కేన్సరు కాదన్నారు, అంతెముక ఎందుకు కోసీసినారు?" అంది. నాకొచ్చిన దవడ కణితి పేరు అమెలోబ్లాస్టోమా. అది కేన్సర్ కాదు, నిజమే. కానీ గోకి వదిలేస్తే మళ్ళీ పుట్టుకొస్తుంది. చుట్టూ మంచి ఎముక కూడా కొంత తియ్యాల్సిందే.

ఎముకతో పాటు కాలి చర్మం కూడా నోట్లోకొచ్చింది. మొదట్లో దానిమీద వెంట్రుకలు మొలిచేవి. ఈ ముక్క పిన్నికి చెప్పలేదు, చెబితే ఊరంతా చాటింపే.

అన్నిటికంటే విసుగు కింది పెదవితో. దాని స్పర్శ నరం దవడ ఎముక లోపల్నుంచే వెళ్తుంది, కణితితో పాటే పోయింది. చారు కారినా తెలీదు. అలాంటప్పుడు మా ఆయన తన గడ్డం తడుముకుంటారు, నేను తుడుచుకుంటాను. మొన్న పెళ్ళి భోజనాల్లో ఆయనకి నిజంగానే దురద పుట్టింది కాబోలు, ఊరికే రుమాలు పెట్టి రుద్దుకుంటూ కూర్చున్నాను.

"పళ్ళొచ్చీసినాయి కదే, తిను," అని పిన్ని తేగ చీల్చి, మధ్యలో చందమామ తీసి చేతిలో పెట్టింది. నెలల తరబడి ఈవిడ చోడి అంబలితోనే గడిచింది, కాదనడం ఎలా? తేగ నార ఇంప్లాంట్ల చుట్టూ చిక్కుకుంటే సన్న బ్రష్షుతో గంటసేపు పని. అక్కడ మురికి నిలవుంటే వాపొస్తుంది, ఎముక అరిగిపోతుంది. కుడి పక్కనే నమిలాను. రెండోది కూడా.

వచ్చే నెల విశాఖలో రివ్యూ ఉంది. తేగల ఊసు అక్కడ ఎత్తను.