ఏడుపు ఒకటే

"మగపిల్లవాడు కదా, కోపం చూడు ఎంత ఉందో!"

వేములవాడ నుంచి హన్మకొండకు వస్తున్న బస్సు. హుజూరాబాద్ దగ్గర డ్రైవర్ హారన్ మోగించేసరికి ముందు సీట్లోని పసిబిడ్డ గుక్కపట్టి ఏడ్చింది. రాజన్న గుడిలో తలనీలాలు తీయించినట్టున్నారు, గుండు మీద గంధం ఇంకా ఆరలేదు.

"ఆడపిల్ల, పెద్దమ్మా" అంది తల్లి.

"అయ్యో, దడుచుకున్నట్టుంది బంగారుతల్లి!" పెద్దమ్మ వెంటనే చేతులు చాచింది.

నాకు నవ్వొచ్చింది. 1976లో జాన్ కాండ్రీ, సాండ్రా కాండ్రీ అనే అమెరికా పరిశోధకులు సరిగ్గా దీనినే చూపించారు. పెట్టెలోంచి బొమ్మ ఎగిరిపడితే ఏడ్చే తొమ్మిది నెలల బిడ్డ వీడియో అది. అందరూ చూసింది ఒకే ఏడుపు. బాబు అని విన్నవాళ్లకు అందులో ఎక్కువగా కోపం కనిపించింది, పాప అని విన్నవాళ్లకు భయం.

నన్ను పట్టుకున్నది మాత్రం ఆ చాచిన చేతులు. కోపం అనుకున్నంతసేపు చుట్టుపక్కల అందరూ ముచ్చటపడి చూశారే తప్ప ఎవరూ కదల్లేదు. భయం అనగానే ఒళ్లోకి తీసుకున్నారు (పెద్దమ్మ మంచి మనిషే, ఎల్కతుర్తి దాకా ఆడించింది).

ఆడపిల్లకు పిరికితనం మనమే నూరిపోస్తామని తరచూ అనుకుంటాం, నిజమే. మరి నిజంగా దడుచుకున్న మగపిల్లవాడిని ఎత్తుకునేది ఎవరు?