స్కిజోఫ్రీనియా చికిత్సలో మాటకున్న చోటు

లేని మాటలు వినిపించడం, లేని భయాలు కలగడం వంటి లక్షణాలుండే మానసిక వ్యాధి స్కిజోఫ్రీనియాను తేల్చి చెప్పే రక్తపరీక్ష గానీ స్కానింగు గానీ ఇప్పటికీ లేదు. మా తమ్ముడి విషయంలో బంధువులకు అన్నిటికన్నా మింగుడుపడని సంగతి ఇదే. రిపోర్టులన్నీ నార్మల్‌గా ఉన్నప్పుడు జబ్బు ఉందని డాక్టరు ఎలా చెప్పగలిగారని పెద్దవాళ్ళు పదేపదే అడిగేవారు. గాలి సోకిందనీ, ఎవరో మందు పెట్టారనీ, పెళ్ళి చేస్తే కుదురుకుంటాడనీ వచ్చిన సలహాలన్నీ ఆ అనుమానంలోంచి పుట్టినవే. నిజానికి ఆ పరీక్షలు చేయించేది ఇదే రూపంలో కనిపించే వేరే జబ్బులు లేవని నిర్ధారించుకోవడానికి. థైరాయిడ్ తేడాలు, కొన్ని రకాల మూర్ఛ, మెదడు వాపు, గంజాయి వాడకం, మద్యం కూడా లేని మాటలు వినిపించేలా, లేని భయాలు కలిగేలా చేయగలవు. అవేవీ కావని తేలిన తరువాత మిగిలేది రోగితోనూ ఇంట్లోవారితోనూ డాక్టరు ఓపికగా జరిపే సంభాషణ, దానితోపాటు కొంతకాలపు పరిశీలన.

ఆ కాలానికి లెక్క ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమలులోకి తెచ్చిన వ్యాధుల వర్గీకరణ ఐసీడీ-11 ప్రకారం నిర్ణీత లక్షణాలలో కనీసం రెండు, నెల రోజులు లేదా అంతకుమించి ఎక్కువ భాగం కనిపించాలి. అమెరికా సైకియాట్రిస్టుల సంఘం 2013లో ప్రచురించిన మానసిక వ్యాధుల నిర్ధారణ గ్రంథం డీఎస్ఎం-5 మాత్రం మొత్తం అనారోగ్యం ఆరు నెలల పాటు సాగి ఉండాలని చెబుతుంది. మొదటిసారి చూసినప్పుడు చాలామంది డాక్టర్లు చీటీ మీద 'సైకోసిస్' (వాస్తవంతో సంబంధం తెగిన మానసిక స్థితి) అని మాత్రమే రాయడానికి కారణం ఇదే. అది డాక్టర్ల ముందుజాగ్రత్త అని అర్థం చేసుకోవాలని, ఆ మాట చూసి డాక్టరును మార్చాలనుకునే కుటుంబాలకు నేను తప్పక చెబుతాను.

లక్షణాలలో అందరికీ తెలిసినది ఎవరూ లేనిచోట మాటలు వినిపించడం. ఆ గొంతులు తరచుగా తిడతాయి, చేసే ప్రతి పని మీదా వ్యాఖ్యానం చేస్తాయి, లేదా ఇద్దరు మనుషులు తన గురించి మాట్లాడుకుంటున్నట్లు వినిపిస్తాయి. తన ఆలోచనలను ఎవరో లాగేసుకుంటున్నారని, పరాయి ఆలోచనలను తన తలలోకి ఎక్కిస్తున్నారని, తన మనసులోని మాట నలుగురికీ తెలిసిపోతోందని కొందరు గట్టిగా నమ్ముతారు. జర్మన్ సైకియాట్రిస్టు కుర్ట్ ష్నైడర్ నిర్ధారణలో వీటికి మొదటి స్థానం ఇచ్చాడు. ఇవి ఇతర మానసిక వ్యాధులలోనూ కనిపిస్తాయని తేలడంతో ఇప్పుడు వాటికి మునుపటంత బరువు ఇవ్వడం లేదు.

అయితే ఏళ్ళ తరబడి ఇంటిని కుంగదీసేవి ఇవి కావు. స్నానానికి లేవకపోవడం, పలకరిస్తే ఒక్క ముక్కలో జవాబు చెప్పడం, ముఖంలో సంతోషం గానీ దుఃఖం గానీ కనిపించకపోవడం, ఒకప్పుడు ప్రాణమనుకున్న క్రికెట్ మ్యాచ్ నడుస్తున్నా టీవీ వైపు తల తిప్పకపోవడం కూడా జబ్బు లక్షణాలే. గొంతులను అణచగలిగే మందులు వీటి మీద అంతగా పనిచేయవు. అందుకే అరుపులు, భయాలు తగ్గిన తరువాత "జబ్బు నయమైంది కదా, ఇంకా ఈ బద్ధకం ఏమిటి" అన్న మాట ఇంట్లో మొదలవుతుంది, ఆ మాటతోనే గొడవలూ మొదలవుతాయి. ఇలా మంచానికి అతుక్కుపోవడానికి మందుల వల్ల వచ్చే మత్తు, ఒంటి బిగుతు, లేదా లోపల ముదురుతున్న డిప్రెషన్ కూడా కారణం కావచ్చు. ఏది కారణమో తేల్చమని డాక్టరును ప్రత్యేకంగా అడగాలి, ఎందుకంటే ఒక్కొక్క కారణానికి చికిత్స వేరు.

ఇంట్లోవారి మాట తీరుకూ జబ్బు తిరగబెట్టడానికీ సంబంధం ఉందని లండన్‌లో జార్జ్ బ్రౌన్ బృందం 1972లో, క్రిస్టీన్ వాన్, జూలియన్ లెఫ్ 1976లో చూపించారు. దెప్పిపొడుపులు, కసురుకోవడం, ఊపిరాడనంతగా చుట్టుకుపోయే అతిశ్రద్ధ ఉన్న ఇళ్ళకు తిరిగి వెళ్ళినవారిలో జబ్బు ఎక్కువగా తిరగబెట్టింది. తరువాత చండీగఢ్‌లో జరిగిన అధ్యయనంలో మన కుటుంబాలలో ఇటువంటి ధోరణి లండన్‌లో కన్నా తక్కువగా కనిపించింది. కుటుంబం వల్ల జబ్బు వస్తుందని వీటి అర్థం కాదు. ఆ నింద మోసే తల్లులు మన చుట్టూ చాలామంది ఉన్నారు కనుక ఈ మాట స్పష్టంగా చెబుతున్నాను. కుటుంబాన్ని చికిత్సలో భాగం చేయడం మన దేశానికి కొత్త కూడా కాదు. 1950లలోనే అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ రోగులతోపాటు వారి ఇంటివాళ్ళను కూడా ఆవరణలోని గుడారాలలో ఉంచి వైద్యం చేశారు.

సైకాలజిస్టు చేసే చికిత్సలలో ఇప్పుడు ఎక్కువగా వినిపించేది కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, అంటే ఆలోచనలనూ ప్రవర్తననూ సంభాషణ ద్వారా పరిశీలించి మార్చుకునే చికిత్స. భ్రమ పడుతున్న రోగితో ఈ తరహా సంభాషణ సాధ్యమేనని అమెరికన్ సైకియాట్రిస్టు ఆరన్ బెక్ 1952లోనే ఒక రోగి అనుభవం ఆధారంగా రాశారు. బ్రిటన్‌లో చికిత్సా ప్రమాణాలను సూచించే నైస్ సంస్థ మార్గదర్శకాలు కనీసం 16 సిటింగులు అవసరమంటాయి. థెరపిస్టు రోగి నమ్మకాన్ని కొట్టిపారేయరు, ఔనని తలా ఊపరు. ఆ గొంతు చెప్పినట్లు చేయకపోతే ఏమవుతుందని భయపడుతున్నారో, గతంలో చేయనప్పుడు నిజంగా ఏం జరిగిందో, ఏ సమయంలో అది పెరుగుతుందో, ఏం చేస్తే తగ్గుతుందో కలిసి పరిశీలిస్తారు. దీనితో గొంతులు పూర్తిగా ఆగిపోతాయని ఆశించకూడదు. వాటి పెత్తనం తగ్గితే అదే పెద్ద మేలు. సగటున దీని ప్రభావం పరిమితమేనని పరిశోధనలు చెబుతున్నాయి. జబ్బు తిరగబెట్టకుండా చూడడంలో కుటుంబానికి ఇచ్చే శిక్షణకే గట్టి ఆధారాలు ఉన్నాయి. ఈ రెండింటిలో ఏదైనా సరే, మందులతోపాటు సాగవలసినదే తప్ప, మందులు మాన్పించి చేసేది కాదు.

ఆ శిక్షణలో మేము నేర్చుకున్న ఒక్క విషయం ఇంటి వాతావరణాన్ని మార్చింది. "అక్కా, పై వాటావాళ్ళు నా మాటలు రికార్డు చేస్తున్నారు" అని తమ్ముడు అన్నప్పుడు, "పిచ్చి మాటలు మాట్లాడకు" అనడం వల్ల వాడు ఒంటరివాడవుతాడు, ఔనంటే భయం గట్టిపడుతుంది. "నాకైతే అలా అనిపించడం లేదు రా, కానీ నువ్వు చాలా భయపడుతున్నావు, కాసేపు ఇక్కడే కూర్చుంటాను" అంటే అబద్ధమూ లేదు, తగాదా కూడా లేదు.

మన జిల్లాలలో ఇటువంటి శిక్షణ ఇచ్చే సైకాలజిస్టులు సులభంగా దొరకరు. హైదరాబాదులో ఎర్రగడ్డ, విశాఖపట్నంలో చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలలు దూరమనిపించేవారు ముందుగా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ-మానస్ నంబరు 14416కు ఫోన్ చేయవచ్చు. అక్కడ తెలుగులో మాట్లాడతారు. మానసిక వ్యాధులకు కూడా శారీరక వ్యాధులతో సమానంగా ఆరోగ్య బీమా ఇవ్వాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోందన్నది కూడా గుర్తుంచుకోదగినది.

చికిత్సలో భాగంగా, తమ్ముడు కుదుటపడి ఉన్న రోజులలో అందరం కూర్చుని ఒక కాగితం రాసుకున్నాము. జబ్బు తిరగబెట్టే ముందు వాడిలో వచ్చే మార్పులు, అప్పుడు ఎవరు ఏం చేయాలి, ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళాలి, ఏ మందు వాడికి పడలేదు అన్నవి అందులో ఉన్నాయి. వరుసగా రెండు రాత్రులు నిద్ర పట్టకపోతే తనను అడగకుండానే డాక్టరుకు ఫోన్ చేయవచ్చన్నది అందులో మొదటి వాక్యం. దానిని చేర్చమన్నది తమ్ముడే.