1:1:1 వెనక ఉన్న మనిషి: ట్రామా సర్జరీ సీటుకు నా ప్రిపరేషన్

ఎయిమ్స్ లాంటి సంస్థల్లో సూపర్ స్పెషాలిటీ సీట్లకు పెట్టే ఐఎన్ఐ-ఎస్ఎస్ పరీక్షలో ట్రామా సర్జరీ (ప్రమాదాల్లో తీవ్రంగా గాయపడినవారి శస్త్రచికిత్స) ఎం.సీహెచ్. సీటు వచ్చిందని తెలిసినప్పటి నుంచి జూనియర్లు అడుగుతున్నది ఒకటే: ఏ పుస్తకాలు చదివారు? మీ బల్ల మీద ఉన్నవే. పాత ప్రశ్నలు, నోట్సు, రివిజన్ అందరూ చేసేవే. వాటి గురించి నా దగ్గర కొత్త సంగతేమీ లేదు. నాకు ఈ సబ్జెక్టు మీద పట్టు దొరికింది జాన్ హోల్‌కోంబ్ అనే సర్జన్ వృత్తి జీవితాన్ని వరసగా చదివాక.

ఆయన అమెరికా సైన్యంలో సర్జన్. 1993లో మొగదిషు పోరాటంలో గాయపడిన సైనికులకు చికిత్స చేశారు. తర్వాత శాన్ ఆంటోనియోలోని సైనిక శస్త్రచికిత్స పరిశోధన సంస్థకు అధిపతి అయ్యారు. బాగ్దాద్‌లోని సైనిక ఆసుపత్రి రికార్డుల ఆధారంగా ఆయన కూడా ఉన్న బృందం 2007లో ఒక పత్రం ప్రచురించింది. భారీగా రక్తం ఎక్కించిన 246 మందిలో, ఎర్రకణాలతో పోలిస్తే ప్లాస్మా (రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ద్రవభాగం) బాగా తక్కువగా అందిన వర్గంలో 65 శాతం మంది చనిపోయారు. ఎక్కువగా అందిన వర్గంలో 19 శాతమే.

చూడగానే తేలిపోయినట్టు అనిపిస్తుంది. కానీ వచ్చిన కాసేపటికే చనిపోయేవారికి ఫ్రీజర్‌లో ఉంచిన ప్లాస్మా కరిగించి తెచ్చేంత వ్యవధే ఉండదు. మరి ప్లాస్మా వల్ల బతికారా, బతికి ఉన్నందువల్ల ప్లాస్మా అందిందా? ఈ ప్రశ్న తలకెక్కాక ట్రామా అధ్యాయమంతా నాకు కొత్తగా కనిపించింది.

హోల్‌కోంబ్ 2008లో సైన్యం నుంచి రిటైరై హ్యూస్టన్‌లో ప్రొఫెసర్ అయ్యారు. ప్లాస్మా ఎక్కువిస్తే బతుకుతారని యుద్ధంలో కుదిరిన నమ్మకాన్ని అక్కడ పరీక్షకు పెట్టారు. 12 ట్రామా కేంద్రాలు, 680 మంది రోగులు; 2015లో వచ్చిన ప్రాపర్ (PROPPR) అనే ట్రయల్ అదే. ప్లాస్మా, ప్లేట్‌లెట్లు, ఎర్రకణాలను 1:1:1 నిష్పత్తిలో ఎక్కించిన వర్గానికీ 1:1:2లో ఎక్కించిన వర్గానికీ మధ్య 24 గంటల మరణాల్లోనూ 30 రోజుల మరణాల్లోనూ గణాంకపరంగా తేడా తేలలేదు. మొదటి 24 గంటల్లో రక్తస్రావంతో పోయినవారు మాత్రం 1:1:2లో 14.6 శాతం, 1:1:1లో 9.2 శాతం.

పరీక్ష రెండో దశలో ఎగ్జామినర్లు నన్ను సరిగ్గా ఇక్కడే పట్టుకున్నారు. నిష్పత్తి చెప్పగానే "దానివల్ల మొత్తం మరణాలు తగ్గుతాయని రుజువైందా?" అన్నారు. కాలేదన్నాను. అయినా ఆ నిష్పత్తినే ఎందుకు వాడుతున్నామో బాగ్దాద్ నుంచి హ్యూస్టన్ దాకా చెప్పుకొచ్చాను. మధ్యలో ఎవరూ ఆపలేదు.

ఎంసీక్యూలు వదిలేసి పత్రాలు చదవడం చాదస్తమని వెక్కిరించిన స్నేహితులున్నారు. నేను ఎంసీక్యూలు వదల్లేదు, నిద్ర తగ్గించుకున్నాను. డ్యూటీ తర్వాత ఫోనుకు ఇచ్చే గంటను ఒక పత్రానికి ఇవ్వలేనివారు తీరిక లేదని చెప్పడం నాకు ఇప్పటికీ నచ్చదు.

మొదలుపెట్టేవారు గాయాల రక్తస్రావం మీద జరిగిన క్రాష్-2 ట్రయల్‌తో మొదలుపెట్టండి. రక్తస్రావం తగ్గించే మందు ట్రానెక్సామిక్ యాసిడ్‌ను గాయమైన మూడు గంటలలోపు ఇవ్వాలని అందరూ రాస్తారు. ఆ గడువు దాటాక ఇచ్చినవారిలో రక్తస్రావ మరణాలు ఎటు పోయాయో 2011 విశ్లేషణలో చూసి వెళ్లండి, తర్వాతి ప్రశ్న అదే.